నలభై ఒక్క కార్డుల చొక్కా

ఓడకు ముప్పై తొమ్మిది రోజులు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రాయడానికి కారణాలు ఒకటో రెండో ఉన్నాయి, మానడానికి పదకొండు ఉన్నాయి. వాటిలో మొదటిది కాగితం. ఇక్కడ కాగితం దొరకదు. పప్పు సంచుల లోపలి పొర చింపి, తుడిచి, ఆరబెట్టి దాని మీద రాస్తున్నాను. చదివేటప్పుడు కందిపప్పు వాసన వస్తే అది నా శైలి అనుకోకండి.

నా పేరు లెంక సన్యాసయ్య. డెబ్బై ఒకటి నడుస్తోంది. సంస్థ పుస్తకంలో నేను ఊడ్చేవాణ్ణి. చీపురు మాత్రం ఈ పంతొమ్మిదేళ్ళలో పట్టింది లేదు. నా అసలు పనికి పుస్తకంలో పేరు లేదు. తెల్లమెట్టలో జనం నన్ను కార్డుకాపు అంటారు. తెల్లమెట్ట అంటే శని చుట్టూ తిరిగే చిన్నా పెద్దా చంద్రుల్లో ఒకటి. పటంలో దానికి అంకె ఉంది. ఊరిని అంకెతో పిలుచుకోలేం గనక మా ముందువాళ్ళు ఈ పేరు పెట్టుకున్నారు.

పని ఇది. పొద్దున్నే నలభై మంది మంచుగనిలోకి దిగుతారు. గనిలో ఉప్పుపొడి. అది తగిలితే గుర్తింపు కార్డు చచ్చినట్టే. అందుకని గనినోట్లో ఎవరి కార్డు వాళ్ళు నా చేతిలో పెట్టి దిగుతారు. బల్ల మీద పెట్టి ఊరుకోవచ్చు కదా అంటారేమో, కార్డుకు వేడి కావాలి. నాలుగు గంటలు చల్లబడితే నిద్రపోతుంది. మళ్ళీ లేపడానికి గుర్తింపు కచేరీలో ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ మీకు తలుపు తెరుచుకోదు, కుళాయి రాదు, భోజనశాల మిమ్మల్ని ఎరగదు. రాత్రిళ్ళు గదిలో వేడినీళ్ళ పైపు మీద పెట్టుకుని పడుకుంటారు. పగలు ఆ పైపు వేడెక్కదు, మనుషులు లేని గదికి వేడెందుకని సంస్థ ఆపేస్తుంది.

అందుకని నేను. ఒంటికి ఆనేలా ఒక జేబుల చొక్కా కుట్టుకున్నాను. నలభై జేబులు, గుండె మీద నలభై ఒకటోది నాది. సాయంత్రం దాకా అది తొడుక్కుని గనినోట్లో కూర్చుంటాను. నడుము దగ్గరివి త్వరగా వేడెక్కుతాయి. వీపు మీదవి బద్ధకం, గంటకోసారి గోడకు ఆనుకుని వాటిని కాచాలి. ఎడమ చంక కింద గంగులు కార్డు ఉంటుంది, అది గీరుకుంటుంది. గంగులు కూడా అంతే.

ఈ రోజు సంగతి. గేట్లకు కొత్త చెవులు బిగించారు. ఇకమీదట గేటు ముఖం చూడదట, కార్డులో ఉన్న నాడిని వింటుందట. భోజనశాల ముందు పలక వేలాడదీశారు: ముఖం మారుతుంది, నాడి మారదు.

సాయంత్రం గని దిగి వచ్చినవాళ్ళు కార్డులు తీసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మొదట గంగులు. ఎర్రలైటు. మళ్ళీ పెట్టాడు, ఎర్రలైటు.

“ఈ కార్డు మీది కాదు,” అంది గేటు.

“నాది కాపోతే నీ బాబుదేటి?” అన్నాడు గంగులు. వెనకవాళ్ళూ పెట్టి చూశారు. నలభై మందికీ అదే మాట. చివరికి ఎవరో నన్ను ముందుకు నెట్టారు. గంగులు కార్డు నేను పట్టుకుని గేటుకు ఆనించాను. పచ్చలైటు వెలిగింది.

“రండి, గంగులు గారూ.”

గంగులు నన్ను కిందికీ మీదికీ చూశాడు. “ఏటి తాతా, నా పేరెట్టుకుని బువ్వ తినేత్తావేటి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలభైసార్లు గేటు తెరిచి, ఒక్కొక్కరినీ ముందు లోపలికి తోసి, నలభై ఒకటోసారి నేను తినడానికి వెళ్ళేసరికి చారు చల్లారిపోయింది.

ఓడకు ముప్పై ఆరు రోజులు

ఊరికి నేను తాళంచెవినయ్యాను. పొద్దున తలుపులు, మధ్యాహ్నం మందుల కిటికీ, సాయంత్రం భోజనశాల. నీళ్ళ కుళాయిల దగ్గర మరీ తమాషా. కుళాయి కార్డులో పేరు చదివి, ఆ మనిషి వాటా చెప్పి, నీళ్ళు వదులుతుంది. నేను వరసగా నిలబడి ఒక్కొక్క కార్డూ ఆనిస్తుంటే, “గంగులు గారూ, నాలుగు లీటర్లు. తవిటమ్మ గారూ, నాలుగు లీటర్లు,” అని పలకరిస్తూ పోతుంది. తవిటమ్మ అని నన్ను పిలిచినప్పుడల్లా వెనక ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

నా పేరుకు అర్థం అన్నీ విడిచిపెట్టినవాడని. మా నాయన ఏమనుకుని పెట్టాడో తెలియదు. ఆయనకు పదకొండు మంది పిల్లలు, పేర్లు అయిపోయి ఉంటాయి. అన్నీ విడిచిపెట్టినవాడికి ఈ రోజు నలభై ఒక్క పేర్లు.

అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి నూకరత్నం. ఆమె గురించి చెప్పాలి. మంచు కోతలో పన్నెండేళ్ళు. నలభై ఆరేళ్ళ మనిషి, నన్ను మావా అంటుంది, వరసేమీ లేదు, నోటికి వచ్చిన వరస. నవ్వు ఎక్కువ, నవ్వు చివర దగ్గు. దాన్ని ఇక్కడ ఉప్పుదగ్గు అంటారు. ఉప్పుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. తడిగాలి తగిలితే కరుగుతుంది, ఇక్కడ తడిగాలి లేదు. వైద్యుడు ఆమెకు దాపరికం లేకుండా చెప్పాడు: ఈ ఓడకు వెళితే బతుకుతావు, వచ్చే ఓడ దాకా ఉండవు. ఓడ రెండేళ్ళకొకటి వస్తుంది. పన్నెండేళ్ళు మంచు కోసినవాళ్ళకు తిరుగుసీటు ఇవ్వాలని ఒప్పందం. ఆమెకు ఈ ఓడలో పదిహేడో నంబరు సీటు వచ్చింది.

ఓడకు వెళ్ళేవాళ్ళు సామాను పంచిపెట్టి వెళ్ళడం ఇక్కడి పద్ధతి. నూకరత్నం అప్పుడే మొదలుపెట్టింది. చిన్న పొయ్యి గంగులు భార్యకు, ఉన్నిదుప్పటి తవిటమ్మకు, సత్తుగిన్నెలు ఇంకెవరికో. నాకు సూదిడబ్బా ఇచ్చింది. “నీ సొక్కా సిరిగితే ఎవులు కుడతారు మావా, నానెల్లిపోతే,” అంది.

ఈ రోజు కుళాయి దగ్గర నవ్వి నవ్వి, దగ్గి, గోడ పట్టుకుని నిలబడింది. కాస్సేపటికి అడిగింది.

“మావా, ఓడకాడ గేటు గూడా ఇలాటిదేనా?”

నవ్వుతున్నవాళ్ళు ఆగిపోయారు. కుళాయి మాత్రం ఆగలేదు. “నూకరత్నం గారూ, నాలుగు లీటర్లు,” అంది నాతో.

ఓడకు ముప్పై అయిదు రోజులు

నేను బడికి వెళ్ళలేదు. చదువంతా ఇక్కడే, పప్పు సంచుల మీది అక్షరాలతో మొదలైంది. తరవాత మందుల చీటీలు, అగ్గి పడితే ఏం చేయాలో చెప్పే పలకలు, చివరికి కార్డుతో పాటు ఇచ్చే నియమాల పుస్తకం. ఆ పుస్తకం నూట నాలుగు పేజీలు. తెల్లమెట్టలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఎవరైనా వినేవాళ్ళు దొరికితే పేజీ నంబరుతో సహా చెప్పేవాణ్ణి.

ఎనభై ఎనిమిదో పేజీలో ఒక వాక్యం ఉంది. “కార్డు తన్ను దేహమునకు ఆనించి ధరించువారిని క్రమముగా నేర్చుకొనును.”

పంతొమ్మిదేళ్ళ కిందట, నాకు పన్నెండేళ్ళు నిండకుండానే గనిలో కాలు నలిగి కోతకు పనికిరాకుండా పోయిన ఏడాది, గనినోట్లో పెట్టెలో ఉంచిన కార్డులు ఒకేసారి చల్లబడ్డాయి. ఎనిమిది రోజులు నలభై మంది వరండాలో పడుకున్నారు. ఇద్దరు లేవలేదు. ఆ తరవాతే నాకీ చొక్కా ఆలోచన వచ్చింది. నేనే కుట్టాను. నేనే పైఅధికారికి చూపించాను. ఆయన వేలితో ఒక జేబు లాగి చూసి, “నువ్వెలాగూ కూర్చునే ఉంటావుగా, వేసుకో. రాతలో మాత్రం వద్దు,” అన్నాడు. ఆ సాయంత్రం నియమాల పుస్తకం తెచ్చి, ఎనభై ఎనిమిదో పేజీ అందరికీ చదివి వినిపించాను. “నన్ను నేర్చుకుని ఇదేం బాగుపడుతుంది,” అన్నాను. బాగా నవ్వారు. నేను బతుకులో చెప్పిన హాస్యాల్లో అంతగా పేలింది మరొకటి లేదు.

అదే పేజీలో కింద ఇంకో వాక్యం. పాత మనిషిని మరిచి కొత్త మనిషిని నేర్చుకోవడానికి కార్డుకు తొంభై రోజులు, తీయకుండా ధరించాలి; రోజూ తీసి పెడుతుంటే ఏళ్ళు పడుతుంది.

ఓడకు ముప్పై అయిదు రోజులున్నాయి.

ఓడకు ముప్పై మూడు రోజులు

గుర్తింపు కచేరీకి వెళ్ళాం, నేనూ నూకరత్నమూ. అక్కడ హెప్సిబా గారుంటారు. మర్యాద గల మనిషి. ఎవరినీ నిలబెట్టి మాట్లాడరు, కూర్చోబెట్టి కాదంటారు.

“కార్డు ఈమెను ఎరగదంటోంది కదండీ,” అన్నారు.

“పాడైపోనాదేమోనండి మేడం గారూ,” అంది నూకరత్నం.

హెప్సిబా గారు కార్డును పరీక్ష యంత్రంలో పెట్టి చూశారు. “పాడవలేదమ్మా. చాలా ఆరోగ్యంగా ఉంది. ఒక మనిషిని బాగా ఎరుగును. ఆ మనిషి మీరు కారు.”

“నాను నానుగాపోతే ఎవుల్నండి?”

“అది కార్డు చెప్పాలండీ. నియమం అదే. కార్డు ఎవరిని ఎరుగునో వారే ఆ మనిషి.” ఆవిడ నా వైపు తిరిగారు. “ఈమె కార్డు ఎప్పుడైనా ఇంకొకరు ధరించడం జరిగిందా? ఆలోచించి చెప్పండి. తన కార్డు ఇతరులకిస్తే ఒప్పందం మొదటి రోజు నుంచి లెక్క.”

మొదటి రోజు నుంచి అంటే పన్నెండేళ్ళూ కొట్టేసినట్టు. సీటు పోయినట్టు. నిజం చెబితే ఆమె నూకరత్నమని తేలుతుంది, కానీ సీటుండదు. చెప్పకపోతే సీటుంటుంది, ఆమె నూకరత్నం కాదు. నా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. వీపు మీద ఒక కార్డు దురద పెట్టింది. గోక్కోలేదు.

ఓడకు ముప్పై రోజులు

భోజనాలయ్యాక నలభై మందీ కూర్చున్నారు.

“అందరం ఎల్లి సెప్పేద్దాం,” అన్నాడు గంగులు ముందు. “పైఅధికారి ఏసుకోమన్నాడు, తాత ఏసుకున్నాడు. మన తప్పేటుంది?”

“ఆ అధికారి వెళ్ళిపోయి పదేళ్ళయింది,” అన్నాను. “రాతలో లేదు. చెబితే నలభై మందికీ మొదటి రోజు నుంచి లెక్క.”

“అంటే?”

“నీకెన్నేళ్ళయింది?”

“పదకొండు.”

“సున్నా.”

గంగులు కూర్చున్నాడు. తవిటమ్మకు తొమ్మిది, వెనక వరసలో ఒకాయనకు పదకొండున్నర. ఎవరికి వాళ్ళు మనసులో తమ అంకెను సున్నా చేసుకుని చూసుకుంటున్నారని ముఖాలు చూస్తే తెలిసింది. ఎవరూ నూకరత్నం వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంతమంది ఎన్ని చోట్ల చూడగలరో ఆ రోజు చూశాను. కొందరు పైకప్పు, కొందరు చెంచాలు.

“ఒద్దులెండి,” అంది నూకరత్నమే. “నా ఒక్కదానికోసం ఇంతమంది మునగడమేటి. కార్డుకి నన్ను నేర్పిత్తాను. నాను మొండిదాన్ని.”

ఆ మాట అందరికీ ఎంత తేలికైందంటే, గంగులు లేచి, ఆమె గనికి దిగనక్కరలేదు, ఆమె వంతు మంచు మేం కోస్తాం అన్నాడు. అందరూ సై అన్నారు. గనినోట్లో తలలు లెక్కపెట్టరు, మంచు తూకమే చూస్తారు. కోశారు కూడా. ఆ మాట వాళ్ళ పక్షాన రాయాలి.

ఓడకు పద్నాలుగు రోజులు

పదహారు రోజులుగా నూకరత్నం కార్డు ఆమె గుండె మీదే ఉంది. రవికె లోపల గుడ్డతో కట్టుకుంది. స్నానానికీ తీయలేదు. తిండీ నీళ్ళూ మేమే మా వాటాల్లోంచి తెచ్చిస్తున్నాం. తొంభై రోజులు పుస్తకంలో మాట, కార్డు ఎప్పుడైనా దయ తలచవచ్చు కదా అని మా ఆశ. రోజూ పొద్దున నేను వెళ్ళి అంచు చూస్తాను. మనిషిని ఎరిగితే అంచు పచ్చగా ఉంటుంది. పదకొండో రోజున ఒక మూల ఆవగింజంత పచ్చదనం కనిపించింది. నూకరత్నం దాన్ని అందరికీ చూపించింది. “సూడు, మొలకెత్తింది,” అంది.

ఆ మర్నాడే జ్వరం. దగ్గు ఎక్కువైంది. జ్వరంలో నాడి ఒక రోజు ఉన్నట్టు ఒక రోజు ఉండదు. పొద్దున పరుగు, సాయంత్రం నడక. కార్డు పాపం ఎవరిని నేర్చుకోవాలి? మొలక పోయింది.

నా నాడి సంగతి వేరు. నా గుండె ఏడుసార్లు కొట్టి ఎనిమిదోది మానేస్తుంది. నలభయ్యో ఏట మొదలైంది. వైద్యుడు వినగానే నన్ను మళ్ళీ కూర్చోమన్నాడు, భయపడ్డాడు. నేను భయపడలేదు, ఏడు రోజుల పనికి ఒక రోజు సెలవనుకున్నాను. కార్డులకు ఈ కుంటినడక బాగా నచ్చింది కాబోలు, మరవడం లేదు. నూకరత్నం నా మణికట్టు పట్టుకుని వింటూ, తన ఊపిరి అలా ఆపి ఆపి చూసింది. ఏడు పీల్చి ఒకటి మానేసి. మూడోసారికే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

“నీలాగ బతకడం కట్టం మావా,” అంది తేరుకున్నాక.

ఇంకో సంగతి. ఈ మధ్య ఊరికి నా ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువైంది. నలభై మందీ పొద్దున గనికి దిగాలి, కార్డులు తీయాలి. తొంభై రోజులు తీయకుండా ధరించే వీలు వాళ్ళకు ఎప్పటికీ లేదు. అంటే నేను బతికున్నంతకాలమే వాళ్ళకు తలుపులు తెరుచుకుంటాయి. గంగులు భార్య రోజూ గ్లాసుడు పాలపొడి కలిపి తెస్తోంది. మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటున్నారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ మెట్లు నేనొక్కణ్ణే దిగాను.

ఓడకు ఆరు రోజులు

ఈ రోజు ఎవరికీ చెప్పకుండా కచేరీకి వెళ్ళాను. ఒక్క కార్డు సంగతే ఒప్పుకుందామని. మిగతా ముప్పై తొమ్మిదీ బయటికి రాకుండా, తప్పు నాదే, నూకరత్నానికి తెలియకుండా ఆమె కార్డు నేను ధరించానని చెబుదామని. దారిలో నాలుగుసార్లు ఆ వాక్యం పైకి అనుకున్నాను, పదాలు అటూ ఇటూ మార్చాను. అబద్ధానికి కూడా శైలి కావాలి.

హెప్సిబా గారు కూర్చోమన్నారు. నేను నోరు తెరవకముందే చెయ్యెత్తారు.

“సన్యాసయ్య గారూ, భోజనశాల గేటు రాత నా బల్ల మీదికే వస్తుందండీ. నలభై ఒక్క పేర్లు, ఒకే నాడి. ఏడు కొట్టి ఒకటి మానేసే నాడి. ముప్పై మూడు రోజులుగా ఆ కాగితం పక్కన పెడుతున్నాను. మీరిప్పుడు ఒక్క కార్డు గురించి చెబితే, నేను దాన్ని రాసుకోవాలి. రాసుకుంటే ఆ కాగితం తీసి చూడాలి. చూడమంటారా?”

గోడ మీద ఆవిడ కార్డు ఫోటో ఉంది. చిన్నప్పటిది, రెండు జడలతో. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

“ఆమె చచ్చిపోతుందండీ,” అన్నాను.

“తెలుసు,” అన్నారు. “మిగతా ముప్పై తొమ్మిది మంది గురించి కూడా తెలుసు.”

ఆవిడ నాకు మంచినీళ్ళు ఇచ్చారు, తన వాటాలోంచి. తాగి వచ్చేశాను.

ఓడ రోజు

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నూకరత్నం నీలం చీర కట్టుకుంది. ఒక్క సంచి. నా చెయ్యి పట్టుకుని నడిచింది, ఆయాసానికి మూడుచోట్ల ఆగింది. ఓడగేటు దగ్గర గంగులూ వాళ్ళూ ముందే వచ్చి నిలబడి ఉన్నారు. ఓడ రోజు గనికి సెలవు. సాగనంపడానికి వచ్చారనుకుని నాకు కళ్ళు చెమర్చాయి.

ఆమె కార్డు ఆనించింది. ఎర్రలైటు. రెండోసారి. మూడోసారి ఆనించేటప్పుడు కళ్ళు మూసుకుని, ఏడు పీల్చి ఒకటి మానేసింది. ఎర్రలైటు.

నేను కార్డు తీసుకుని ఆనించాను.

“రండి, నూకరత్నం గారూ. సీటు పదిహేడు.”

గేటు తెరుచుకుంది. లోపల సన్నటి నడవ, చివర పసుపుపచ్చ లైటు. ఒక మనిషి బరువే పట్టే గేటది. ఇద్దరం కలిసి వెళ్ళే వీలు లేదు, నడవ చివరిదాకా నాడి వింటుంది గనక ఆమెను ముందు తోసే వీలూ లేదు. కాపలాదారు కుర్రగొంతుతో అన్నాడు, “ఎక్కేదెవరో ఎక్కండి. కార్డు ఎరిగిన మనిషికే దారి.”

“ఎల్లు మావా,” అంది నూకరత్నం. “సీటు కాళీగా పోకూడదు. పన్నెండేళ్ళు కోసినాను దానికోసం.”

“నీకు మతిపోయిందా?”

“నువ్వూ వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది గదా. నాకు బదులు నువ్వే తడిగాలి పీల్సు. ఎవులో ఒకళ్ళం.”

ఒక కాలు ముందుకు పెట్టిన మాట నిజం. ఇది దాస్తే మిగతాదంతా రాసినందుకు అర్థం లేదు. నడవలోంచి వెచ్చటి గాలి వచ్చింది, అందులో తడి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా ముక్కుకు ఎండుగాలి తప్ప తెలియదు. ఆ తడి తగిలేసరికి కాలు దానంతటదే వెళ్ళింది.

అప్పుడు వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే గంగులు నా చొక్కా పట్టుకుని ఉన్నాడు. తవిటమ్మ ఇంకో పక్క. మిగతావాళ్ళు మా చుట్టూ దగ్గరికి జరిగారు. అప్పుడు అర్థమైంది. వాళ్ళు ఆమెను సాగనంపడానికి రాలేదు. నేను ఎక్కకుండా చూడడానికి వచ్చారు.

“తాతా,” అన్నాడు గంగులు. ఆ గొంతు ఇంతకుముందు నేను విన్నది కాదు.

గేటు అడిగింది: “నూకరత్నం గారూ, సీటు వదులుకుంటున్నారా?”

అడిగింది నన్ను. జవాబు చెప్పవలసినది కూడా నేనే, మరొకరి గొంతు దానికి వినిపించదు. నూకరత్నం ముఖం చూశాను. ఆమె గంగులు చేతిని చూస్తోంది, నా చొక్కాను పట్టుకున్న చేతిని.

“వదులుకుంటున్నాను,” అన్నాను.

“ధన్యవాదాలు,” అంది గేటు.

నేను మంచితనంతో ఆగానో, ఆపితే ఆగానో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం గంగులు ఇవ్వలేదు.

ఓడ వెళ్ళిన నాలుగో రోజు

పంచిపెట్టిన సామాను తిరిగి రావడం మొదలైంది. పొయ్యి వచ్చింది, తుడిచి తెచ్చారు. గిన్నెలు వచ్చాయి. ఒక్కొక్కరూ గుమ్మంలో పెట్టి, ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయారు. ఉన్నిదుప్పటి రాలేదు. తవిటమ్మ గదిలో వేడి తక్కువ, పిల్లలున్నారు. నూకరత్నం అడగలేదు. నేను సూదిడబ్బా తీసుకెళ్తే, “అదుంచుకో మావా, సిరిగింది గదా,” అంది. గంగులు లాగినచోట రెండు జేబులు ఊడి ఉన్నాయి. అక్కడే కూర్చుని తనే కుట్టింది. దగ్గు వచ్చినప్పుడు కుట్టు ఆపి, తగ్గాక మళ్ళీ కుట్టింది. కార్డు తన రవికెలోంచి తీసి నా జేబులో పెట్టింది.

“నీ కాడే ఉండనీ. నాకాడ దానికి నిద్దర పట్టదు.”

ఓడ వెళ్ళిన డెబ్బై మూడో రోజు

నూకరత్నం పొద్దున పోయింది. గని చివర మంచులో పెట్టాం. పేరు పలక వేయడానికి మరణం నమోదు కావాలి. కచేరీకి వెళ్ళాను.

హెప్సిబా గారు యంత్రం చూసి, అద్దాలు తీసి పెట్టుకున్నారు. “ఈ కార్డులో నాడి నడుస్తోందండీ. నాడి ఉన్న మనిషి మరణం రాయలేను.”

“అది నా నాడి.”

“నేను వినలేదు,” అన్నారు. తరవాత చిన్న గొంతుతో, “ఆ కార్డును చల్లబడనివ్వండి. నాలుగు గంటలు చాలు. నిద్రపోయాక ఎనిమిది రోజులు ఎవరూ లేపడానికి రాకపోతే మరణమని అదే రాసుకుంటుంది.”

ఓడ వెళ్ళిన డెబ్బై అయిదో రోజు

ఉదయం గనివాళ్ళు దిగాక ఆమె కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. మిగతావి ఒంటి మీద ఉన్నాయి. గంట గడిచాక అంచు పచ్చదనం పలచబడింది. రెండో గంటకు గోధుమరంగు. మూడు గంటల తరవాత వేలితో తాకి చూశాను, బల్లకూ దానికీ తేడా లేదు. మూడు గంటల యాభై నిమిషాలకు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఎందుకని అడిగితే చెప్పలేను. ఆమెకు పేరు పలక లేకుండా పోయింది, అంతే.

మధ్యాహ్నం దాహమై కుళాయి దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చొక్కాలోకి పోనిచ్చి అందిన కార్డు ఆనించాను.

“నూకరత్నం గారూ, నాలుగు లీటర్లు,” అంది కుళాయి.

గిన్నె కింద పెట్టి పట్టుకున్నాను.